రోగ్‌లైక్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? వీడియో గేముల జానర్లపై ఒక పరిశీలన

చేతిలో ఎనిమిది ముక్కలున్నాయి, వాటిలో రెండు ఆసులు. ఆ రెంటినీ ఎంచి వేస్తే తెర మీద లెక్క మొదలవుతుంది. జత పడినందుకు 10 చిప్పులు, ఒక్కో ఆసుకు 11 చొప్పున 22, వెరసి 32. జతకు గుణకం 2 కనుక వచ్చేది 64. తొలి అంచె దాటాలంటే 300 కావాలి. గుణకానికి 4 కలిపే మామూలు జోకరు ఒకటి పక్కనుండి ఉంటే, అదే జతకు 32ను 6తో హెచ్చించి 192 వచ్చేది. ఇలాంటి జోకర్లు ఆటలో 150 ఉన్నాయి. ఒకసారికి అయిదింటికే చోటు. దఫాకు మూడేసి అంచెల చొప్పున ఎనిమిది దఫాలు దాటాలి. నడుమ ఎక్కడ లెక్క తక్కువైనా కూడబెట్టిన జోకర్లన్నీ పోతాయి. మళ్లీ 52 ముక్కల కట్టతో మొదటికి రావలసిందే.

ఇది బలాట్రో. లోకల్‌థంక్ అన్న మారుపేరుతో పనిచేసే కెనడా డెవలపర్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేసిన ఆట. 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. స్టీమ్ వంటి ఆన్‌లైన్ దుకాణాల్లో దీన్ని రోగ్‌లైక్ డెక్‌బిల్డర్ అంటారు. డెక్‌బిల్డర్ అన్న సగంతో పేచీ లేదు, కట్టను పేర్చుకుంటూ పోయే ఆటే ఇది. చిక్కంతా మొదటి సగంలో ఉంది. రోగ్‌లైక్ అంటే రోగ్ లాంటిది. రోగ్ 1980 నాటి కంప్యూటర్ ఆట. అందులో నేలమాళిగలు, భూతాలు, కత్తులు, కవచాలు ఉంటాయి. బలాట్రోలో వీటిలో ఒక్కటీ లేదు. నడిచే మనిషే లేడు, నడవడానికి చోటూ లేదు. అయినా ఈ కోవ ఆటలు ఆడేవాళ్లకు ఆ పేరు వింతగా తోచదు.

రోగ్ నుంచి బలాట్రో దాకా ఈ పేరు ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. జానర్లన్నిటినీ ఒకేసారి తూకం వేయబోతే ఎటూ తేలదు. రోగ్‌లైక్‌ను ఎంచుకోవడానికి కారణం దానికి కాగితాలుండటం: పేరు ఎప్పుడు, ఎందుకు పెట్టారో తెలుసు, దాన్ని నిర్వచించడానికి ఒక బృందం కూర్చుంది, ఆ నిర్వచనం మీద తగువులూ నడిచాయి. తక్కిన చాలా జానర్లకు ఇంత దస్తావేజు దొరకదు.

పేరు పెట్టిన తీరు

రోగ్‌ను 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ ప్రాంగణంలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు రాశారు. టెర్మినల్ తెర మీద కోరిన చోట కోరిన అక్షరం పెట్టే వీలు వాళ్లకు బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ తయారుచేసిన కర్సెస్ అనే ప్రోగ్రాముల కూర్పు వల్ల కలిగింది. తర్వాత ఆర్నాల్డ్ కూడా ఆటలో చేయి వేశాడు. బొమ్మలు లేవు. ఈమెయిల్ చిరునామాల్లో ఉండే యాట్ గుర్తే ఆటగాడు. చుక్కలు నేల, గీతలు గోడలు. బీ అక్షరం ఎదురొస్తే గబ్బిలం, డీ వస్తే డ్రాగన్, జడ్ వస్తే జాంబీ. మీట నొక్కితే మీరొక గడి కదులుతారు, భూతాలూ తమ వంతు కదులుతాయి. మీరు నొక్కకపోతే లోకమంతా కదలక నిలబడి ఉంటుంది. అడుగున ఉన్న యెండోర్ తాయెత్తును చేజిక్కించుకుని పైకి రావాలి. ఆడిన ప్రతిసారీ గదులు, దారులు కొత్తగా అల్లుకుంటాయి. ఈసారి గాయం మాన్పిన ఎర్ర రసం వచ్చేసారి కళ్లు పోగొట్టవచ్చు, తాగితే గాని తెలియదు. చస్తే చచ్చినట్టే. ఆటను దాచుకుని రేపు తెరవవచ్చు గాని, తెరవగానే ఆ దాచిన ఫైలు చెరిగిపోతుంది.

1983లో వచ్చిన బీఎస్‌డీ యూనిక్స్ 4.2తో పాటు రోగ్ కూడా విశ్వవిద్యాలయాల కంప్యూటర్లకు చేరింది. దాన్ని చూసి, లేదా దాని పిల్లలను చూసి, మరికొన్ని పుట్టాయి: ఓక్లహామా విశ్వవిద్యాలయంలో మోరియా, ఇంకోచోట హ్యాక్, దాని నుంచి 1987లో నెట్‌హ్యాక్, 1990లో ఇంగ్లండులోని వార్విక్‌లో ఆంగ్‌బాండ్. ఇవి ఆడేవాళ్లు యూజ్‌నెట్ చర్చా బృందాల్లో చేరి మాట్లాడుకునేవారు, ఒక్కో ఆటకు ఒక్కో బృందం. 1993లో వీటన్నిటినీ ఒకే గొడుగు కిందికి తేవాలన్న ప్రతిపాదన వచ్చింది. గొడుగుకు పేరు కావాలి. డంజన్ అనీ డంజన్‌క్రాల్ అనీ సూచనలు వచ్చాయి, మూడు వారాల పాటు వాదోపవాదాలు సాగాయి. చివరికి వీటిలో పాతది రోగ్ కనుక రోగ్‌లైక్ అని ఖాయం చేశారు. ఉన్నవాటిలో తక్కువ చెడ్డదన్న భావంతోనే ఒప్పుకున్నారు తప్ప ఎవరికీ పెద్ద మోజు లేదు.

ఈ వివరం చిన్నదే అయినా దాటేయదగ్గది కాదు. పేరు పెట్టిన రోజున అడిగిన ప్రశ్న ఏ ఉత్తరాలను ఏ అరలో వేయాలన్నది. ఆటల సారమేమిటన్న ప్రశ్న అప్పటికి లేదు. అర ఎవరిదో పేరూ వాళ్లదే. 1978లోనే డాన్ వర్త్ ఆపిల్ 2 కంప్యూటరుకు బినీత్ ఆపిల్ మేనర్ అనే ఆట రాశాడు. ప్రతిసారీ మారే నేలమాళిగ, వంతుల వారీ కదలిక అందులోనూ ఉన్నాయి. రోగ్ రాసినవాళ్లకు దాని సంగతి తెలియదు. వయసే ప్రమాణమైతే గొడుగు దాని పేరుతో ఉండాలి. యూజ్‌నెట్‌లో దానికి బృందం లేదు, అంతే. ఈనాడు దాన్ని రోగ్‌లైక్ అంటున్నాం, రోగ్ కన్నా ముందు వచ్చినా.

బెర్లిన్ పట్టిక, కొన్ని ఆటలు

పేరు పెట్టిన పదిహేనేళ్లకు నిర్వచనం వచ్చింది. 2008లో బెర్లిన్‌లో రోగ్‌లైక్ డెవలపర్ల అంతర్జాతీయ సమావేశం జరిగింది. అక్కడ తయారైన పట్టికను బెర్లిన్ ఇంటర్‌ప్రిటేషన్ అంటారు. అడోమ్, ఆంగ్‌బాండ్, క్రాల్, నెట్‌హ్యాక్, రోగ్ అన్న అయిదు ఆటలను ప్రామాణికంగా తీసుకుని, వాటిలో కనిపించే లక్షణాలను రెండు వర్గాలు చేశారు. బరువైనవి తొమ్మిది: యాదృచ్ఛికంగా అల్లుకునే పరిసరాలు, శాశ్వత మరణం, వంతుల వారీ ఆట, గడుల మీద కదలిక, అన్ని పనులూ ఒకే తెర మీద ఎప్పుడైనా చేయగలగడం, ఒకే చిక్కును పలు విధాల విప్పగలిగే సంక్లిష్టత, ఉన్న సరుకును పొదుపుగా వాడుకోవడం, భూతాలను చంపుకుంటూ పోవడం, తెలియనిదాన్ని వెతికి తెలుసుకోవడం. తేలికైనవి ఆరు, అక్షరాల తెర, నేలమాళిగ, అంకెలు బాహాటంగా కనిపించడం వంటివి ఇందులోకి వస్తాయి. ఇది ఎవరినీ కట్టడి చేయడానికి కాదనీ, కొన్ని లక్షణాలు లేనంత మాత్రాన ఆట రోగ్‌లైక్ కాకపోదనీ, ఉన్నంత మాత్రాన అయిపోదనీ పట్టికే చెప్పుకుంది. తర్వాత దీన్ని కొరడాలా ఝళిపించినవాళ్లు ఈ వాక్యాలను పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. 2013లో డారెన్ గ్రే అనే డెవలపర్ ఈ పట్టికను వదిలించుకోవాలని ఘాటుగా రాశాడంటే, అప్పటికి దాన్ని ఎంత గట్టిగా వాడుతున్నారో ఊహించవచ్చు.

పట్టికను ముందు దాని సొంత ఆటల మీదే పరీక్షించాలి. అన్ని పనులూ ఒకే తెర మీద జరగాలన్న అయిదో లక్షణం చూడండి. అడోమ్‌లో ఊళ్ల నడుమ తిరిగే పటం వేరు. ఆంగ్‌బాండ్, క్రాల్ ఆటల్లో దుకాణంలోకి వెళ్తే వేరే తెర వస్తుంది. ఈ మినహాయింపులను పట్టిక తానే ఒప్పుకుంది. అంటే ప్రామాణికమన్న అయిదింటిలో మూడు ఒక బరువైన లక్షణాన్ని తప్పాయి. ఇది తప్పు పట్టవలసిన సంగతి కాదు. ముందు ఆటలను ఎంచుకుని, తర్వాత లక్షణాలను వాటి నుంచి తీసినప్పుడు ఇలాగే జరుగుతుంది. కాకపోతే, ఏ ఆట లోపలుండాలో ముందే తెలిశాక రాసుకున్న పట్టిక, కొత్త ఆట లోపలో బయటో తేల్చగలదా అన్నది అనుమానమే.

అదే 2008 డిసెంబరులో డెరెక్ యు స్పెలంకీ అనే ఆటను ఉచితంగా విడుదల చేశాడు. మారియోలా పక్కనుంచి కనిపించే, గెంతుతూ పోయే ఆట. నాలుగు గుండెలు, నాలుగు బాంబులు, నాలుగు తాళ్లతో గుహలోకి దిగుతారు. ప్రతి అంచెనూ నాలుగు నాలుగుల గదుల చట్రంగా తీసుకుని, ముందే గీసిపెట్టిన గది నమూనాలను అందులో కలిపి పరుస్తుంది ప్రోగ్రాము; పైనుంచి కిందికి తాడూ బాంబూ అవసరంలేని దారి ఒకటి తప్పక ఉండేలా చూస్తుంది. చస్తే మొదటికి రావాలి. దుకాణదారు దగ్గర సరుకు ఎత్తుకుని పారిపోతే తుపాకీ తీస్తాడు, నెట్‌హ్యాక్ దుకాణదారుల వారసుడిలా. కాని ఇక్కడ వంతులు లేవు, లోకం మీ కోసం ఆగదు. గడి నుంచి గడికి కాదు, గాలిలో తేలుతూ కదులుతారు. పట్టిక ప్రకారం రెండు బరువైన లక్షణాలు పోయాయి.

2012 నాటి ఎఫ్‌టీఎల్‌లో అంతరిక్ష నౌక ఒకటి, అందులో సిబ్బంది. ఒక మనిషంటూ మీరు కారు, నేలమాళిగ లేదు. స్లే ద స్పైర్ 2017లో అసంపూర్ణ రూపంలో మొదలై 2019లో పూర్తయింది. అందులో వంతులు తిరిగొచ్చాయి, గడులు పోయాయి, పోరు, దుకాణం, విడిది వేటికవే వేర్వేరు తెరలు. 2020లో పూర్తిగా విడుదలైన హేడీస్‌లో గదులు చేత్తో తీర్చినవి, వాటి వరస మాత్రం మారుతుంది. పైగా చచ్చిన ప్రతిసారీ కథ ముందుకు సాగుతుంది, సంపాదించిన శక్తుల్లో కొన్ని నిలుస్తాయి. ఇక బలాట్రోలో భూతాలను చంపడమూ లేదు, పరిసరాలూ లేవు. ఈ ఆటలన్నిటినీ పక్కపక్కన పెడితే, ఒక్కోటి పట్టికలో ఒక్కో చోట సున్న చుట్టించుకుంది. ఒకటి పోగొట్టుకున్నది మరొకదానిలో ఉంది.

కుటుంబంలో అందరికీ ఒకే ముక్కు ఉండనక్కర్లేదన్న విట్‌గెన్‌స్టైన్ ఊహ ఇక్కడ గుర్తుకొస్తుంది. జానర్ మీద రాసే ప్రతివాళ్లూ ఆయనను పిలుస్తారు, ఆయన ఎంచుకున్న ఉదాహరణే ఆట కావడం వల్ల. ఆ ఊహ పట్టిక ఎందుకు వదులుగా ఉందో చెబుతుంది. పోలికలున్న ఒకరిని కుటుంబం ఎందుకు చేర్చుకోలేదో మాత్రం చెప్పదు. అలా బయట ఉండిపోయిన ఆటే డయాబ్లో.

డయాబ్లో ఎందుకు కాలేదు?

డయాబ్లో 1997 తొలినాళ్లలో జనం చేతికొచ్చింది. దాని ప్రధాన రూపకర్త డేవిడ్ బ్రెవిక్. మోరియా, ఆంగ్‌బాండ్ వంటి ఆటలే తనకు ప్రేరణ అని ఆయన బహిరంగంగా చెప్పాడు. మొదట అది వంతుల వారీ ఆటగానే రూపుదిద్దుకుంది. ప్రచురణకర్త బ్లిజార్డ్ నిజసమయంలో నడిచేలా మార్చమని అడిగితే, ఇష్టం లేకపోయినా కూర్చుని కొన్ని గంటల్లో మార్చి చూశాడట. మౌసు నొక్కగానే వీరుడు నడిచివెళ్లి అస్థిపంజరాన్ని కూల్చిన ఆ క్షణాన్ని ఆయన 2016 నాటి గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ (జీడీసీ) ప్రసంగంలో వివరంగా వర్ణించాడు. యాదృచ్ఛికమైన నేలమాళిగలు, భూతాలను నరుక్కుంటూ పోవడం, దిగుతున్నకొద్దీ దొరికే ఆయుధాలు, అన్నీ ఉన్నాయి. వంశం నేరుగా ఉంది. అయినా దానికి దక్కిన పేరు యాక్షన్ ఆర్పీజీ, అంటే యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్. మారియో పోలికలున్న స్పెలంకీకి మాత్రం రోగ్ ఇంటిపేరు వచ్చింది.

దీనికి సులువుగా తట్టే జవాబు శాశ్వత మరణం. డయాబ్లోలో ఆటను దాచుకుని వెనక్కి వెళ్లవచ్చు, స్పెలంకీలో కుదరదు. ఈ జవాబులో కొంత నిజముంది. అయితే చస్తే మొదటికి రావడమన్నది పాత ఆర్కేడ్ ఆటలన్నిటిలోనూ ఉన్నదే. దానికి యాదృచ్ఛికతను జోడించి రెండు షరతులు చేద్దామంటే, 1984 నాటి టెట్రిస్ దర్జాగా లోపలికి వస్తుంది: ముక్కల వరస ప్రతిసారీ వేరు, ఓడితే ఏమీ మిగలదు. పెద్ద పట్టిక పెడితే స్పెలంకీ బయటికి పోతుంది, చిన్న పట్టిక పెడితే టెట్రిస్ లోపలికి వస్తుంది.

నాకు తోచిన వివరణ వేరు. దీన్ని ఊహగానే తీసుకోవాలి. కొత్త ఆటకు పేరు పెట్టేటప్పుడు, అది చేరబోయే అరలో ఇప్పటికే ఉన్నవాటి నుంచి దాన్ని వేరుచేసే గుణమే పేరులోకి వస్తుంది, ఆటలో ఉన్నవన్నీ రావు. 1997లో డయాబ్లో చేరిన అర ఆర్పీజీలది. అక్కడ యాదృచ్ఛికత కన్నా చేతివేగం కొత్త, కనుక యాక్షన్ అన్న విశేషణం అంటుకుంది. స్పెలంకీ చేరిన అర ప్లాట్‌ఫార్మర్లది, అంటే మారియోలా గెంతుతూ పోయే ఆటలది. అక్కడ చేతివేగం అందరికీ ఉన్నదే. అంచెలు ప్రతిసారీ మారడం, ఒక్క పొరపాటుతో అంతా పోవడం కొత్త. ఆ రెండింటికీ దొరికిన దగ్గరి పేరు రోగ్. ఎఫ్‌టీఎల్ చేసినవాళ్లు తమ ఆటను రోగ్‌లైక్ లాంటిది అని, లాంటిదానికి లాంటిదిగా, పరిచయం చేసుకున్నారు. అంతరిక్ష నౌకల ఆటల నడుమ తమ ప్రత్యేకత ఏమిటో చెప్పడానికి అంత మెలిక పడవలసి వచ్చింది.

జపాను సాక్ష్యం కూడా కొంతవరకు ఇటే మొగ్గుతుంది. 1993లో చున్‌సాఫ్ట్ సంస్థ డ్రాగన్ క్వెస్ట్ 4లోని తోర్నెకో అనే వర్తకుణ్ని తీసుకుని మిస్టరీ డంజన్ ఆట చేసింది. గడులు, వంతులు, మారే నేలమాళిగ, అన్నీ రోగ్‌వే. తర్వాత 1995లో షిరెన్ వచ్చింది. ఈ ఆటలను వెయ్యిసార్లు ఆడదగ్గ ఆర్పీజీ అని ప్రచారం చేశారు. డ్రాగన్ క్వెస్ట్ వంటి ఆర్పీజీని ఒకసారి పూర్తిచేస్తే అయిపోతుంది, ఇది అయిపోదు. పక్కవాటితో తేడా ఏదో దాన్నే పెద్దక్షరాల్లో వేశారు. ఇక్కడే ఇంకో సంగతీ ఉంది. తోర్నెకో నేలమాళిగ నుంచి తెచ్చిన సొమ్ముతో ఊళ్లో అతని దుకాణం పెరుగుతుంది. చావు తర్వాత కొంత మిగిలే పద్ధతి 2013లో రోగ్ లెగసీతో మొదలైనట్టు, రోగ్‌లైట్ అన్న మాట దాని కోసమే పుట్టినట్టు మాట్లాడటం మామూలైంది. ఆ పద్ధతి దుకాణం రూపంలో ఇరవయ్యేళ్ల ముందే ఉంది.

ఈ ఊహకు ఎదురుతిరిగే సాక్ష్యం హేడీస్. 2020 నాటికి రోగ్‌లైక్‌ల అర కిక్కిరిసి ఉంది. తేడాయే పేరవుతుందనుకుంటే హేడీస్‌కు దాని కథను బట్టి, మాటలను బట్టి పేరు రావాలి. రాలేదు, యాక్షన్ రోగ్‌లైక్ అనే అంటున్నారు. బహుశా పేరు పుట్టేటప్పుడు తేడా పనిచేస్తుంది, నిలదొక్కుకున్నాక వెతికేవాళ్లకు దొరకడమన్న అవసరం పనిచేస్తుంది. డూమ్ అనే కాల్పుల ఆట విషయంలోనూ ఇలాంటి మార్పు కనిపిస్తుంది: 1993 చివర అది వచ్చాక కొన్నేళ్లు ఆ పద్ధతి ఆటలన్నీ డూమ్ క్లోన్లే. నకలు అనిపించుకోవడం ఇష్టంలేనివి ఎక్కువయ్యాక ఫస్ట్ పర్సన్ షూటర్ స్థిరపడింది. రోగ్‌కు అలాంటి బదులు పేరు రాకపోవడం గమనించదగ్గదే. బదులు పేరు కావాలంటే అందరిలో ఉన్నదేదో ఒకటి చూపించాలి. కెమెరా కోణంలా వేలు పెట్టి చూపగలిగినది ఇక్కడ లేదు.

పండితుల వర్గీకరణలు

వర్గీకరణ ప్రయత్నాలు ఆటల పరిశ్రమంత పాతవి. క్రిస్ క్రాఫర్డ్ 1984లో అచ్చయిన తన పుస్తకంలో ఆటలను చేతి నైపుణ్యపు ఆటలు, వ్యూహపు ఆటలు అని రెండు కొమ్మలు చేశాడు. పాంగ్ తరహా ప్యాడిల్ ఆటలకు అందులో ప్రత్యేకంగా ఒక రెమ్మ ఉంది. ఆనాటి దుకాణాల్లో వాటికున్న చోటు అలాంటిది. ఇదే సరైన వర్గీకరణ అని తాను అనడం లేదని ఆయనే హెచ్చరించాడు. 2001లో మార్క్ జె. పి. వుల్ఫ్ 42 జానర్ల జాబితా ఇచ్చాడు. సినిమాకు కథావస్తువు ఎలాగో ఆటకు ఆటగాడు చేసే పని అలాగని ఆయన వాదం. ఒకే ఆట పలు జానర్లలో ఉండవచ్చనీ ఒప్పుకున్నాడు. జాబితాలో డెమో, డయాగ్నస్టిక్, యుటిలిటీ అన్నవి కూడా ఉన్నాయి. అవి ఆటలే కావు; ఆటలతో పాటు అదే కార్ట్రిజ్‌ల రూపంలో అమ్ముడయ్యాయి కనుక చేరాయి. శాస్త్రీయ జాబితాలోకి కూడా దుకాణపు అర ఎలా చొరబడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జిన్ హా లీ బృందం లైబ్రరీ శాస్త్రం వైపు నుంచి వచ్చింది. 2014లో వాళ్లు జానర్ పేర్లను విడదీసి 12 ముఖాలుగా సర్దారు: ఆటతీరు, ఉద్దేశం, ఎవరి కోసం, చిత్రశైలి, కాలం నడిచే పద్ధతి, చూపు కోణం, ఇతివృత్తం, నేపథ్యం, మనోభావం, ముగింపు తీరు ఇత్యాదిగా. రేచల్ క్లార్క్, నీల్స్ క్లార్క్‌లతో కలిసి లీ రాసిన మరో వ్యాసం జానర్లు ఎందుకు విఫలమవుతాయన్నదాన్నే శీర్షికగా పెట్టుకుంది. వాళ్లు ఎత్తిచూపిన లోపం మనకు కొత్తదేమీ కాదు. రోటి పచ్చడి అన్న పేరు ఎలా చేశారో చెబుతుంది, నిల్వ పచ్చడి ఎన్నాళ్లుంటుందో చెబుతుంది, గోంగూర పచ్చడి దేనితో చేశారో చెబుతుంది. మూడూ ఒకే జాడీ మీద రాయవచ్చు. ఆటల్లోనూ ఫస్ట్ పర్సన్ అన్నది కెమెరా, హారర్ అన్నది గుండెదడ, రేసింగ్ అన్నది పని, ఇండీ అన్నది ఎవరు చేశారన్నది. వీటన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి ఒకటి ఎంచుకోమంటే చిక్కు రాక తప్పదు.

ముఖాలుగా విడదీయడం గ్రంథాలయ కేటలాగుకు మేలైన దారి అనడంలో నాకు సందేహం లేదు. రోగ్‌లైక్ వంటి పేరుకు అది చాలదు. యాదృచ్ఛికత ఒక ముఖంలో పడుతుంది, వంతులు ఇంకో ముఖంలో, మరణం ఎక్కడా సరిగ్గా కూర్చోదు. విడి ముక్కలన్నీ దొరికినా, వాటిని ఒక పట్టున కలిపి ఉంచిందేమిటో కేటలాగు నుంచి తెలియదు.

ట్యాగులు ఎంతవరకు సాక్ష్యం?

2014 ఫిబ్రవరిలో స్టీమ్ దుకాణం ఆటలకు పేర్లు తగిలించే హక్కును ఆటగాళ్లకే ఇచ్చింది. ఒక్కో ఆటకు ఇరవై దాకా ట్యాగులు కనిపిస్తాయి. పండితులు రెండు కొమ్మలా నలభై రెండా అని తర్జనభర్జన పడుతుంటే జనమే తేల్చుకుంటారన్నట్టు. రోగ్‌లైక్ ఇప్పుడక్కడ ఒక్కటి కాదు: రోగ్‌లైక్, రోగ్‌లైట్, యాక్షన్ రోగ్‌లైక్, రోగ్‌లైక్ డెక్‌బిల్డర్, వీటితో పాటు ట్రెడిషనల్ రోగ్‌లైక్. చివరిది అసలు రోగ్ వంశీకులకు మిగిలిన ఇల్లు. తమ పేరు తమకే చాలక ముందు విశేషణం పెట్టుకోవలసి వచ్చింది.

ఈ ట్యాగులు పరిశోధకులకు గని లాంటివి. 2020లో ఇంకొక లీ, జాంగ్ అనే ఇద్దరు, ఏ ట్యాగు ఏ ట్యాగుతో కలిసి వస్తుందో వలగా గీసి, ఆ వలలోని గుంపులను జానర్లుగా చదవవచ్చా అని చూశారు. పద్ధతి మంచిదే. దాని నుంచి ఎంత రాబట్టవచ్చన్న చోట జాగ్రత్త పడాలి. ట్యాగులు పెట్టేవాళ్లలో ఆట అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ట్యాగును బట్టే దుకాణం ఆటను ఎవరికి చూపాలో నిర్ణయిస్తుంది, కనుక గిరాకీ ఉన్న పేరును తగిలించుకోవడం లాభసాటి. ఒకసారి పేరు పడ్డాక తర్వాతి వాళ్లు అదే నొక్కుతారు. రెండు ట్యాగులు తరచు కలిసి రావడాన్ని ఆటల్లో పోలిక ఉందనడానికి రుజువుగా చూపలేం. కలిపి అమ్ముతున్నారని మాత్రం అనవచ్చు.

పేరుకు పర్యవసానం ఉన్న చోట

ఇదంతా తీరిక కబుర్లుగా తోచవచ్చు. బలాట్రోకు జరిగినది చూడండి. విడుదలైన కొద్ది రోజులకే ఐరోపా వయసు రేటింగు వ్యవస్థ పెగీ దాని రేటింగును 3 నుంచి 18కి మార్చింది; కొన్ని దేశాల్లో కన్సోల్ దుకాణాల నుంచి కొన్నాళ్లు ఆటను తీసేశారు. కారణం జూదపు చిత్రణ: ఏ ముక్కలు కలిస్తే ఏ పోకర్ చేయి అవుతుందో ఆట నేర్పుతోంది. అందులో పందెం లేదు, డబ్బు పెట్టి చిప్పులు కొనే ఏర్పాటూ లేదు. అప్పీలు వెళ్లాక 2025 ఫిబ్రవరిలో ఫిర్యాదుల మండలి రేటింగును 12కి తగ్గించింది. పోకర్ చేతులను వివరిస్తున్నా, ఇది రోగ్‌లైక్ డెక్‌బిల్డింగ్ ఆట, ఇందులో ఊహాజనితమైన అంశాలున్నాయి అన్నది మండలి చెప్పిన కారణాల సారాంశం. యూజ్‌నెట్‌లో ఉత్తరాలు సర్దుకోవడానికి పెట్టిన పేరు ముప్పై రెండేళ్ల తర్వాత ఒక తీర్పులో ఆధారాల పక్కన కూర్చుంది.

పేకకు ఇలాంటి చరిత్ర మన దగ్గరా ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా పోలీసులు పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ అన్న పేరుతో 1968 లా రిపోర్టుల్లో అది అచ్చయింది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానమనీ, మూడు ముక్కలాట అలా కాదనీ కోర్టు అంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యం ఉన్నా వదిలేది లేదన్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆన్‌లైన్ ఆటలను ఈ-స్పోర్ట్, సోషల్ గేమ్, మనీ గేమ్ అని విభజించి, మనీ గేమ్‌కు నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే అక్కర్లేదంది. 1967 నాటి ఆ తీర్పులో కోర్టు అడిగింది గెలుపు దేనివల్ల అని. 2025లో పార్లమెంటు అడిగింది డబ్బు చేతులు మారుతోందా అని. ఆట మాత్రం అదే.

అలాగైతే ఆట కొనేవాళ్ల ప్రశ్న ఏమిటి? రోగ్‌లైక్ అన్న ట్యాగు చూసి కొనేవాళ్లు తెలుసుకోవాలనుకునేది మూడు సంగతులని నా అంచనా: మళ్లీ మొదలుపెడితే ఏది మారుతుంది, ఆడుతున్నంతసేపూ ఏది పోగవుతుంది, ఓడితే ఆ పోగులో ఎంత పోతుంది. ఈ మూడూ అడిగితే టెట్రిస్ బయటికి వెళ్తుంది, అందులో మూట కట్టుకునేది లేదు. డయాబ్లో మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. రోగ్‌లో సీసాలు, స్పెలంకీలో బాంబులు, హేడీస్‌లో దేవతల వరాలు, బలాట్రోలో జోకర్లు పోగవుతాయి, పోతాయి. హేడీస్‌లో కొంత మిగులుతుంది, బలాట్రోలో తెరుచుకున్న కొత్త జోకర్లు, కట్టలు తెరుచుకునే ఉంటాయి. ఇంతవరకు బాగానే ఉంది. కాని 1991 నాటి సివిలైజేషన్‌ను ఇదే పరీక్షకు పెడితే అదీ నెగ్గేలా ఉంది: ప్రతిసారీ కొత్త పటం, ఊళ్లూ సైన్యాలూ పోగవుతాయి, ఓడితే మొదటి నుంచి. ఆ ఆటను గుమ్మం బయట ఆపుతున్నది సేవ్ ఫైలు ఒక్కటే. దాన్ని తెరవగానే చెరిపేసే సెట్టింగు ఒకటి పెడితే ఏమనాలో ఈ మూడు ప్రశ్నలు చెప్పవు.